“ఎన్నో నెల?” అంటే ఏం చెప్పాలి?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి ఒక తల్లి రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి, ఆవిడ మాటలు వీలైనంత వరకు అలాగే ఉంచి ఇస్తున్నాను.

వయసు 29. పుట్టిల్లు రాజమండ్రి, కాపురం నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. తొలి కాన్పు. బీపీ బాగా పెరిగిపోవడంతో 33వ వారంలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. పుట్టినప్పటి బరువు కిలో 700 గ్రాములు. మూడు వారాలు ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో, ఉంచి ఇంటికి పంపారు. ఇప్పుడు ఐదు నెలలు నిండాయి, 5 కిలోల 200 గ్రాములు ఉంది. బరువు చార్టులో గీత చక్కగా పైకి వెళ్తోందని పిల్లల డాక్టర్ వెళ్ళినప్పుడల్లా చెప్తున్నారట.

“డాక్టర్ గారి దగ్గర వచ్చిన ధైర్యం లిఫ్టు ఎక్కగానే పోతుంది” అని రాశారు. కిందికి దిగేలోపు ఎవరో ఒకరు ఎక్కుతారు. ఎన్నో నెల అని అడుగుతారు. పోయిన నెలలో “నాలుగు నిండాయండీ” అంటే, “నాలుగా! రెండు నెలల పిల్లలా ఉందే. పాలు చాలట్లేదా? పోతపాలు పడుతున్నావా?” ఆ వెంటనే నార్మలా ఆపరేషనా, అమ్మ రంగు రాలేదేంటి, మా మనవరాలైతే ఈపాటికి బోర్లా పడిపోయింది. పక్క బ్లాకులో ఉండే పెద్దావిడ ఒకరు ఎప్పుడు కనబడినా “బొబ్బట్లు ఇంకా పంచలేదేమిటమ్మా?” అంటారట. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు మన ఇళ్ళల్లో మామూలే కాబట్టి ఆవిడ ఏం అడుగుతున్నారో మీకూ నాకూ తెలుసు.

మధ్యలో ఒకసారి రాజమండ్రి వెళ్ళొస్తుంటే రైల్లో ఎదురు సీటావిడ అడక్కుండానే పాపను ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఈవిడ కంగారుపడి “నెలలు తక్కువ పిల్లండీ, ఎనిమిదో నెలలో పుట్టింది” అన్నారు. “ఎనిమిదో నెలా? ఏడో నెల పిల్లలు దక్కుతారు గానీ ఎనిమిదో నెల వాళ్ళు దక్కరంటారే! మీ అదృష్టం” అందట ఆ మహాతల్లి. ఆ రాత్రంతా పాప ఊపిరి చూసుకుంటూ కూర్చున్నారు ఈవిడ.

అప్పటినుంచి అబద్ధం మొదలుపెట్టారు. ఎవరడిగినా “మూడు నెలలు” అంటున్నారు. వెంటనే “అబ్బో, మూడు నెలలకే ఎంత చురుగ్గా చూస్తోందో!” అన్న మెచ్చుకోళ్ళు. హాయిగానే ఉంది. కానీ ఒకరోజు లిఫ్టులో ఒకావిడ “పోయిన నెల నాలుగన్నావు, ఇప్పుడు మూడంటున్నావేంటమ్మా?” అని నలుగురి ముందు అడిగేసింది. చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సుకి కూడా అలవాటులో మూడు నెలలనే చెప్పేశారట. నర్సు కార్డు చూసి సరిచేసుకుంది.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. అత్తగారు ఎవరు పలకరించినా మొదటినుంచి చివరిదాకా చెప్పేస్తారు. బీపీ ఎంత, బరువెంత, అద్దాల పెట్టెలో ఎన్నాళ్ళు, కోడలికి పాలు ఎందుకు చాలలేదు, అన్నీ. భర్త “వాళ్ళు ఊరికే అడుగుతారు, నువ్వే సీరియస్‌గా తీసుకుంటావు” అంటారు. ఆయన ఆదివారం పాపను ఎత్తుకుని కిందికి వెళ్తే ఎవరూ పాల గురించి అడగరట. “భలే ఎత్తుకుంటున్నాడే, ఎంత ఓపికో!” అని ఆయన్నే మెచ్చుకుంటారట.

మూడు వారాలుగా ఈవిడ కిందికి దిగడం లేదు. ఆన్‌లైన్లో బరువు చూసే మిషన్ తెప్పించుకుని పాపను రోజుకు నాలుగైదు సార్లు తూస్తున్నారు. రాత్రి పాప నిద్రపోయాక కూడా, పగలు ఫలానావిడకి ఏమని జవాబు చెప్పి ఉండాల్సిందో అనుకుంటూ పడుకుంటున్నారు. వచ్చే నెల రాజమండ్రిలో పిన్ని కూతురి పెళ్ళి. వెళ్తే రెండు వందల మందికి జవాబు చెప్పాలి, వెళ్ళకపోతే అమ్మ బాధపడుతుంది. “నేను అబద్ధం చెప్పడం తప్పా? వీళ్ళకి ఏమని చెప్పాలి? పెళ్ళికి వెళ్ళాలా వద్దా?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అబద్ధం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది అబద్ధం కానే కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి డాక్టర్లు రెండు వయసులు లెక్కేస్తారు. పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టేది ఒకటి. పుట్టాల్సిన తేదీ నుంచి, అంటే 40 వారాలు నిండే రోజు నుంచి లెక్కపెట్టేది ఇంకొకటి. రెండోదాన్ని కరెక్టెడ్ ఏజ్ అంటారు. మీ పాప ఏడు వారాలు ముందు వచ్చింది. ఐదు నెలల్లోంచి ఆ ఏడు వారాలు తీసేస్తే మూడు నెలల మీద కొద్దిరోజులు. మీరు భయపడి చెప్పిన అంకె, డాక్టర్ కాగితం మీద వేసుకునే అంకె ఒకటే! మెడ నిలబెట్టడం, బోర్లా పడటం, పాకడం, కూర్చోవడం, ఇవన్నీ రెండేళ్ళు వచ్చేదాకా ఈ రెండో వయసుతోనే చూడాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బోర్లా పడతారు. ఈ లెక్కలో మీ పాపకి నాలుగు నెలలు ఇంకా నిండలేదు. బొబ్బట్లావిడ కాస్త ఆగాలి.

టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు నెలలు తక్కువ పిల్లలకి కూడా అవే వారాల్లో వేస్తారు. కాబట్టి ఆస్పత్రిలో, టీకా కేంద్రంలో, అంగన్‌వాడీలో ఎవరడిగినా పుట్టిన తేదీ చెప్పి, ఆ వెంటనే 33 వారాలకి పుట్టిందని కలిపి చెప్పండి. అక్కడ “మూడు నెలలు” అనే మాట వాడొద్దు. ఈ మధ్య నర్సు కార్డు చూసింది కాబట్టి సరిపోయింది.

ఇక నేను ఉత్తరంలో రెండుసార్లు వెనక్కి వెళ్ళి చదివిన చోటు ఆ బరువు మిషన్. లిఫ్టులో అడిగే ప్రశ్నలు చిరాకు తెప్పిస్తాయి, నిజమే. కానీ చిరాకుతో ఎవరూ మూడు వారాలు ఇంట్లో కూర్చోరు. “చిన్నగా ఉందే, పాలు చాలట్లేదా?” అని వాళ్ళు ఒక్కసారి అడిగితే, అదే ప్రశ్న మీరు ఆ మిషన్ని రోజుకి నాలుగుసార్లు అడుగుతున్నారు. ఎన్‌ఐసీయూలో రోజూ ఉదయం బరువు చెప్పేవారు కదా. ఇరవై గ్రాములు పెరిగితే ఆ రోజు పండగ, పది తగ్గితే ఆ రోజు తిండి సహించదు. అక్కడ గడిపిన తల్లులకి ఆ లెక్క ఇంటికొచ్చాక కూడా పోదు. ఎవరో తెలియని మనిషి వచ్చి సరిగ్గా అక్కడే చెయ్యి పెడితే మంట పుట్టక ఏమవుతుంది? మీ ఆయన “ఊరికే అడుగుతారు” అన్నది అడిగేవాళ్ళ విషయంలో నిజం. మీ విషయంలో కాదు.

పాలు తాగకముందు, తాగాక, విరేచనం అయ్యాక చూస్తే పసిపిల్ల బరువు ఒక్కో అంకె చూపిస్తుంది. అందులోంచి ఎదుగుదల తెలియదు, టెన్షన్ పెరుగుతుంది, అంతే. నెలలు నిండి పుట్టిన పిల్లలు పుట్టిన బరువుకి మూడింతలు అవడానికి దాదాపు ఏడాది తీసుకుంటారు. మీ పాప ఐదు నెలల్లోనే మూడింతలు దాటింది. డాక్టర్ ఎన్నాళ్ళకోసారి తూచమన్నారో అడిగి, అన్నాళ్ళకే తూచండి. మిషన్ ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు కాబట్టి దాన్ని ఎవరికైనా ఇచ్చేయడం మేలు. ఒక్కసారిగా మానేస్తే ఇంకా కంగారుగా ఉంటుందనుకుంటే వారానికి ఒకరోజు, ఒకే వేళకి చూసి డైరీలో రాయండి.

ఇప్పుడు జవాబుల సంగతి. మన దగ్గర వీధిలో కనబడితే “ఎక్కడికో బయల్దేరినట్టున్నారు?” అంటారు. ఎక్కడికో చెప్పాలని ఎవరూ పట్టుబట్టరు. “ఇక్కడికేనండీ” అంటే చాలు, ఇద్దరికీ తృప్తి. చంటిపిల్లను చూసి ఎన్నో నెల అనడం కూడా చాలావరకు అలాంటి పలకరింపే. పిల్ల కనబడింది, ముద్దొచ్చింది, ఏదో ఒకటి అనాలి. మీరు దాన్ని నిజమైన ప్రశ్నగా తీసుకుని నిజమైన సమాచారం ఇస్తున్నారు. ఆ సమాచారం పట్టుకుని వాళ్ళు రెండో ప్రశ్న వేస్తున్నారు. పలకరింపుకి పలకరింపుతో జవాబివ్వొచ్చు: “ఇప్పుడిప్పుడే నవ్వడం నేర్చిందండీ, చూడండి.” అంకె లేదు. కళ్ళు పాప మొహం మీదికి వెళ్తాయి, ఆ లోపు లిఫ్టు కిందికి వచ్చేస్తుంది. పాలు చాలుతున్నాయా అంటే “కడుపునిండా తాగుతోందండీ.” తల్లిపాలైనా, పోతపాలైనా, రెండూ కలిపినా ఆ మాట నిజమే, అంతకుమించి చెప్పాల్సిన పని లేదు.

నార్మలా ఆపరేషనా అని అడిగేవాళ్ళకి మాత్రం నాకు ఒకటి చెప్పాలనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. మీ లిఫ్టులో నలుగురు చిన్న వయసు తల్లులుంటే సగానికి పైగా అదే దారిన వచ్చినవాళ్ళే అయ్యుండొచ్చు. అయినా ఆ ప్రశ్నలో ఒక మార్కులు వేసే ధోరణి ఎందుకుంటుందో నాకు అర్థం కాదు. మీది బీపీ వల్ల చేసిన ఆపరేషన్. ఆ స్థితిలో బీపీ అదుపులోకి రావాలంటే కాన్పు చేయడమే అసలు వైద్యం. అది తల్లినీ బిడ్డనీ కాపాడటానికి చేసిన పని. దానికి సంజాయిషీ ఎవరికీ అక్కర్లేదు.

అందరికీ ఒకటే జవాబు పెట్టుకోకండి. రైల్లో, గుళ్ళో, షాపులో కలిసేవాళ్ళు మళ్ళీ కనబడరు. వాళ్ళకి “మూడు నెలలు దాటిందండీ” అంటే చాలు. గిల్టీగా అనుకోవద్దు, లెక్క ఏంటో పైన చెప్పాను.

అపార్ట్‌మెంట్ వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రోజూ చూస్తారు, నెలలు లెక్కపెడతారు, రేపు మొదటి పుట్టినరోజుకి కేకు తినడానికీ వస్తారు. అక్కడ చిన్న వయసు చెప్తే మళ్ళీ దొరికిపోతారు, ఆ భయంతో మళ్ళీ ఇంట్లో ఉండిపోతారు. వాళ్ళకి ఒక్కసారి నిజం చెప్పేయడం ఒక దారి: “ఏడు వారాలు ముందు పుట్టిందండీ, అందుకే చిన్నగా ఉంటుంది. డాక్టర్ అంతా బాగుందన్నారు.” ఇందులో లాభం, రెండోసారి అడగరు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ “మా అబ్బాయీ ఏడో నెలేనమ్మా, ఇప్పుడు ఆరడుగులున్నాడు” అనేవాళ్ళు ఒకరైనా దొరుకుతారు. మనం అనుకున్నంత అరుదు కాదు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో దాదాపు 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు, అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. నష్టం కూడా ఉంది. చెప్పగానే “అయ్యో, బరువులెత్తావా? బొప్పాయి తిన్నావా? ప్రయాణం చేశావా?” అని విచారణ మొదలుపెట్టేవాళ్ళుంటారు. రేపు పాప కాస్త ఆలస్యంగా నడిస్తే “నెలలు తక్కువ పిల్ల కదా” అని వాళ్ళే కారణం చెప్పేస్తారు. విచారణకి “బీపీ వచ్చిందండీ” అని అక్కడితో ఆపేయొచ్చు. ఆ ముద్ర మాత్రం కొన్నాళ్ళు ఉంటుంది. అది మీకు పర్వాలేదా, లేక నవ్వు చూపించి తప్పించుకోవడమే సుఖమా, మీ స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోండి. మొదటిదానికి ఒకరోజు ధైర్యం కావాలి. రెండోదానికి రోజూ కాస్త ఓపిక కావాలి.

మూడో దారి గట్టిగా తగలనివ్వడం. “మీ మనవరాలు బోర్లా పడితే మాకేంటండీ?” అనొచ్చు. రాత్రిళ్ళు మీరు తయారుచేసుకుంటున్న జవాబులు ఇలాంటివే అయ్యుంటాయి. అంటే ఆ క్షణానికి బాగుంటుంది. సాయంత్రానికి ఐదు ఫ్లోర్లకీ వెళ్తుంది, ఆ మాట మీ అత్తగారి చెవినీ పడుతుంది. బొబ్బట్లావిడ మీద అయితే అస్సలు వాడకండి. ఆవిడ నిజంగా బొబ్బట్ల కోసమే ఎదురుచూస్తూ ఉండొచ్చు. “బోర్లా పడగానే మొదట మీ ఇంటికేనండీ” అనండి, ఆవిడ మీ పార్టీ అయిపోతారు. రంగు గురించి అనేవాళ్ళకి నేనైతే జవాబివ్వను. వినబడనట్టు ఫ్లోర్ నంబరు చూస్తాను.

ముద్దులు, ఎత్తుకోవడాల దగ్గరికి వస్తే మర్యాద పక్కన పెట్టేయండి. అది మాటల సంగతి కాదు, జబ్బుల సంగతి. పెద్దవాళ్ళకి రెండు రోజుల జలుబుగా పోయేది నెలలు తక్కువ పిల్లలకి ఊపిరితిత్తుల్లోకి దిగి మళ్ళీ ఆస్పత్రి దాకా తీసుకెళ్ళగలదు. కోరింత దగ్గు కూడా పెద్దవాళ్ళ నుంచే చంటిపిల్లలకి అంటుకుంటుంది. టీకా మూడు డోసులు పడ్డాయి కదా అని మొహం మీద ముద్దులు పెట్టనివ్వాల్సిన పని లేదు. “ఎవరినీ ఎత్తుకోనివ్వొద్దన్నారండీ డాక్టర్” అన్న వాక్యానికి మన దేశంలో ఎదురు లేదు. తల్లి మాట కొట్టేస్తారు గానీ డాక్టర్ మాట కొట్టేయరు. బయటికి వెళ్ళేటప్పుడు పాపను గుండెకి కట్టుకునే క్యారియర్ ఒకటి డాక్టర్ని అడిగి కొనుక్కుంటే చేతుల్లోంచి లాక్కునే వీలే ఉండదు. రైల్లో కిటికీ వైపు మీరు, ఇవతల మీ ఆయన కూర్చోండి. అలాగే ఎవరైనా కాస్త తేనె నాకించమనో, మంచినీళ్ళు పట్టమనో అంటే తల ఊపి వదిలేయండి. ఏడాది లోపు తేనె ప్రమాదం, ఆరు నెలల లోపు నీళ్ళు అక్కర్లేదు. వాళ్ళతో వాదించకండి.

రైలావిడ ఎనిమిదో నెల మాట. ఇది రైల్లో పుట్టిన మాట కాదు, మన ఊళ్ళల్లోనూ ఎప్పటినుంచో ఉంది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో చలామణీ అయిన పాత రాతల్లో కూడా ఎనిమిదో నెల పిల్లలు బతకరని ఉంది. రెండు వేల ఏళ్ళకి పైబడిన పొరపాటు అది. నెలలు నిండేదాకా బిడ్డ కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే మామూలుగా అంత మేలు. 33 వారాల పిల్లకి 29 వారాల పిల్లకంటే ఊపిరితిత్తులు బాగా ఎదిగి ఉంటాయి, అంటే ఎనిమిదో నెల ఏడో నెలకంటే ఎప్పుడూ నయమే. మీ పాప ఆ మాటకి భయపడాల్సిన రోజులు దాటి వచ్చేసింది. మళ్ళీ ఎవరైనా అంటే “అది ఒట్టి మాటండీ, ఇంకెవరితోనూ అనకండి” అని మెల్లగా, నవ్వకుండా చెప్పండి. ఇలాంటి మాటకి నవ్వితే వాళ్ళు ఇంకో తల్లి దగ్గర మళ్ళీ అంటారు.

మీ అత్తగారి గురించి మీరు కోపంగా రాశారు. మీ ఒంటి సంగతులు, పాల సంగతులు ఊరంతా చెప్తే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ ఆ మూడు వారాలూ ఎన్‌ఐసీయూ బయట కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో ఉత్తరంలో మీరే రాశారు. అంత గండం గడిచాక కొందరు నోరు కట్టేసుకుంటారు, కొందరు పదిమందికి చెప్తే గానీ తేరుకోలేరు. మీరు మొదటి రకం, ఆవిడ రెండో రకం. ఎవరికీ ఏమీ చెప్పొద్దని ఆంక్ష పెడితే “నా మనవరాలి గురించి చెప్పుకునే హక్కు కూడా లేదా” అంటారు, అక్కడినుంచి గొడవ వేరే దారి పడుతుంది. దానికి బదులు మీ ఆయన చేత ఆవిడకి ఒక వాక్యం అప్పగించండి: “కాస్త ముందు పుట్టింది, దేవుడి దయవల్ల బాగుంది.” మాట్లాడే పని ఆవిడదే, కాకపోతే ఈ వాక్యం దాటొద్దు. ముఖ్యంగా కోడలి పాలు, కుట్లు, బీపీ గడప లోపలే ఉండాలి. ఈ మాట మీరు చెప్తే కోడలి అభ్యంతరం అవుతుంది, కొడుకు చెప్తే ఇంటి నిర్ణయం అవుతుంది. ఆవిడ మొదటి వారం మర్చిపోతారు, అది ఖాయం. మళ్ళీ చెప్పించండి.

మీ ఆయనకి కూడా ఒక మాట. ఆదివారం పాపను ఒక్కరే కిందికి తీసుకెళ్ళడం మంచిదే, కానీ దానివల్ల మీకొచ్చే ప్రశ్నలు ఆయనకి వినబడట్లేదు. పది రోజులపాటు ముగ్గురూ కలిసి దిగండి. ఎవరేమడిగినా జవాబు ఆయన చెప్పాలని ముందే అనుకోండి. పాలు చాలుతున్నాయా అని మగవాణ్ణి అడగడానికి చాలామందికి నోరు రాదు, ఆ రకంగా సగం ప్రశ్నలు తగ్గుతాయి. మిగతా సగం విన్నాక ఆయన “ఊరికే అడుగుతారు” అనడం కూడా తగ్గుతుంది.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి అడుగుతాను. నాలుగు పేజీల్లో మీ ఒంటి గురించి ఒక్క లైను లేదు. కాన్పు తర్వాత బీపీ మళ్ళీ చూపించుకున్నారా? కాన్పుకి ముందు అంత బీపీ వచ్చినవాళ్ళకి తర్వాతి ఏళ్ళల్లో కూడా బీపీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. పాప చెకప్‌లతో పాటు మీ చెకప్ తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకోండి.

అలా వెళ్ళినప్పుడు నిద్ర సంగతి కూడా చెప్పండి. కాన్పైన మొదటి రెండు వారాల్లో ఏడుపు, దిగులు చాలామందికి వచ్చి పోతాయి. ఐదు నెలలయ్యాక, పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, మనుషుల్ని తప్పించుకోవడం, పదే పదే తూచి చూడటం అన్నవి లిఫ్టులో వాళ్ళకి మంచి జవాబు దొరికితే పోయేవి కాకపోవచ్చు. అది బాలింతల డిప్రెషనో, ఆందోళనో, ఒట్టి అలసటో నేను ఉత్తరం చదివి చెప్పలేను. మీ గైనకాలజిస్టు నాలుగు ప్రశ్నలు అడిగి చెప్పగలరు, వైద్యం కూడా ఉంటుంది, పాలిచ్చే తల్లులకి సరిపడే మందులూ ఉన్నాయి. ఆస్పత్రికి వెళ్ళేలోపు మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. మీకు మీరే హాని చేసుకోవాలనో, పాపకి ఏదో చేస్తానేమోననో ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం వాయిదా వేయకుండా ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక పెళ్ళి. ముందు పిల్లల డాక్టర్ని అడగండి, ఆయన వద్దంటే అక్కడితో సరి, మీ అమ్మగారికి చెప్పడానికి కూడా తేలిక. సరేనంటే మీకు రెండు రకాలుగా వెళ్ళే వీలుంది. పూర్తిగా వెళ్ళి మూడు రోజులుంటే మీ అమ్మగారికి సంతోషం, మీకు పుట్టింటి గాలి, కానీ పెళ్ళివారింట్లో పిల్ల ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారకుండా ఆపడం చాలా కష్టం. ముహూర్తం వేళకి వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చేస్తే ఆ బాధ తక్కువ. కళ్యాణమంటపంలో ఒక గది మీకోసం ఉంచమనండి, పాలకీ నిద్రకీ పనికొస్తుంది. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళని ఆ గదిలోకి రానివ్వకుండా చూసే పని ఒక గట్టి పిన్నికి అప్పగించండి. అసలు వెళ్ళకపోవడం కూడా తప్పేమీ కాదు. కాకపోతే కారణం పాప ఆరోగ్యమా, జనం ప్రశ్నలా అన్నది మీలో మీరు తేల్చుకుని ఆగండి. రెండోదే అయితే ఈ పెళ్ళి తప్పించుకున్నా శ్రావణంలో ఇంకో పేరంటం వస్తుంది.

వెళ్ళేట్టయితే, అక్కడ మాట్లాడేది మీ అత్తగారు కాదు, మీ అమ్మగారు. ఆవిడ కూడా ఈ ఐదు నెలలుగా చెప్పుకోవడానికి చుట్టాలు దొరక్క ఉండి ఉంటారు. అత్తగారికి అప్పగించిన ఆ ఒక్క వాక్యాన్ని ఆవిడకి కూడా ముందే ఫోన్లో చెప్పి ఉంచండి.